పంక్చర్ మాన్యువల్, ఒక రిపోర్టు: టెక్నికల్ రైటింగ్ కోర్సు ప్రాజెక్టు డైరీ

ఈ కోర్సు చివర్లో రెండు అప్పగించాలి. ఒకటి, చదివినవాళ్లు పని పూర్తి చేయగలిగే మాన్యువల్. రెండోది, రాయడంలో మనం ఎంత ఎదిగామో ఆధారాలతో చెప్పే రిపోర్టు. చాలామంది మాన్యువల్ మీదే శ్రద్ధంతా పెట్టి, రిపోర్టుని ఆఖర్లో జ్ఞాపకం మీద రాసేస్తారు. ఆ రెండింటినీ మొదటి నుంచీ కలిపి నడపడం కోసమే ఈ డైరీ. ఇదే కోర్సు చేయబోయేవాళ్లు ఇందులో పనికొచ్చేది తీసుకోవచ్చు, నాకు కుదరనిది వదిలేయవచ్చు.

మాన్యువల్ విషయం: సైకిల్ ట్యూబుకి పంక్చర్ వేయడం. చదివేది, ఇంతవరకు ఎప్పుడూ చక్రం ఊడదీయని మనిషి. ఈ విషయం ఎంచుకోవడానికి కారణం, ఫలితం దాచలేం. గాలి నిలిస్తే మాన్యువల్ పనిచేసినట్టు, దిగిపోతే పనిచేయనట్టు.

వాడిన సామాన్లు:

1. మార్క్‌డౌన్‌లో (గుర్తులతో శీర్షికలు, జాబితాలు పెట్టే మామూలు టెక్స్ట్ పద్ధతి) రాసిన ఒకే ఒక్క ఫైలు
2. ప్రతి మార్పునీ భద్రంగా నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్
3. ఫోనులో స్టాప్‌వాచ్
4. నాలుగు గడుల షీటు: స్టెప్పు నంబరు, పాఠకుడు ఏం చేశాడు, ఎన్ని సెకన్లు ఆగాడు, ఏమన్నాడు
5. రెండు రంగుల హైలైటర్లు (వీటి పని దశ 1లో)

దశ 1: మొదటి డ్రాఫ్టుని కొలవడం

మొదటి డ్రాఫ్టు చదవడానికి హాయిగా ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది. పేరాలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతున్నాయి. సైకిల్ ఎదురుగా పెట్టుకుని చదివితే చేతులు ఎప్పుడు కదపాలో తెలియడం లేదు. ఈ వాక్యం చూడండి:

"చక్రాన్ని ఊడదీసి, ట్యూబులో మిగిలిన గాలి మొత్తం తీసేసి, టైరు లివర్లతో ఒక పక్క టైరు అంచును రిమ్ము మీదికి తెచ్చి, ట్యూబును బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి గుర్తు పెట్టుకోవాలి."

మాటలు 29, పనులు 8. 'తీసి, తెచ్చి, లాగి' అంటూ తెలుగులో ఎన్ని పనులైనా ఒకే వాక్యంలో కలిపేయవచ్చు. వ్యాకరణం అడ్డు చెప్పదు, చెవికి కూడా బాగుంటుంది. కథ చెప్పేటప్పుడు ఇది మన భాషకున్న పెద్ద బలం. కానీ చేతిలో టైరు లివరు (టైరుని రిమ్ము మీంచి లేపే చిన్న మీట) పట్టుకున్న మనిషి మూడో పని దగ్గర చూపు తిప్పి చక్రం వైపు చూస్తాడు. మళ్లీ కాగితం మీదికి వచ్చేసరికి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

కష్టాన్ని అంకెలో పెట్టాలి కాబట్టి ముందు ఫ్లెష్ సూత్రం ప్రయత్నించాను. 1948లో రుడాల్ఫ్ ఫ్లెష్ ఇంగ్లిష్ కోసం తయారుచేసింది. 206.835 లోంచి రెండు తీసేస్తారు: వాక్యానికి సగటు మాటలు ఇంటూ 1.015, మాటకి సగటు అక్షరాలు (పలికేవి, అంటే సిలబుల్స్) ఇంటూ 84.6. ఎంత ఎక్కువ వస్తే అంత తేలిక అని లెక్క.

తెలుగుకి ఇది అస్సలు పనిచేయదు. మన మాట విభక్తినీ కాలాన్నీ తనతోనే మోస్తుంది. 'బిగించాల్సివచ్చినప్పుడు' ఒక్క మాటే, తొమ్మిది అక్షరాలు. మాటకి సగటు మూడే అనుకున్నా 253.8 తీసేయాలి. అక్కడికే సున్నా కిందికి పోయాం. చిన్నపిల్లల కథకీ, చట్టం పాఠానికీ మైనస్ మార్కులే వస్తాయి.

తర్వాత చూసింది సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్. విమానాల మెయింటెనెన్స్ మాన్యువళ్ల కోసం పుట్టిన ప్రమాణం, పేరు ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరణ వాక్యం 25 దాటకూడదు, ఒక వాక్యంలో ఒకే పని ఉండాలి అంటుంది. ఒకేసారి చేయాల్సిన పనులకి మాత్రం మినహాయింపు. ఒక వాక్యానికి ఒకే పని అన్న నియమం తెలుగుకి అక్షరాలా సరిపోయింది. 20 మాటల హద్దు మాత్రం మనకి మరీ వదులు. ఇంగ్లిష్ 20 మాటల్లో సగం చిన్నాచితకా మాటలే, మన దగ్గర అవి ప్రత్యయాలుగా కలిసిపోతాయి. అందుకని నా హద్దు 12 మాటలుగా పెట్టుకున్నాను.

హైలైటర్ల పని ఇక్కడే. వాక్యంలో ప్రతి పనినీ పసుపు రంగుతో గీశాను. ఎంతసేపు, ఎంత, ఎక్కడిదాకా అన్నవి చెప్పే మాటల్ని ఆకుపచ్చతో గీశాను. పసుపు ఎక్కువున్న వాక్యాన్ని ముక్కలు చేయాలి. పసుపు ఉండి ఆకుపచ్చ లేని వాక్యం అసంపూర్ణం. ఈ రెండో సంగతి ఎంత ముఖ్యమో తర్వాతి దశలో తెలిసింది.

లెక్క, డ్రాఫ్టు 1: మాటలు 612. స్టెప్పులు 7. అతి పొడవైన వాక్యం 29 మాటలు. ఒక వాక్యంలో గరిష్ఠంగా 8 పనులు. హెచ్చరికలు 7.

దశ 2: మొదటి పాఠకురాలు

క్లాసులో ఒకరి డ్రాఫ్టు ఇంకొకరు చదివి వ్యాఖ్యలు రాయడం ఆనవాయితీ. నాకొచ్చిన కాగితాల నిండా "బాగుంది", "అర్థమవుతోంది" అని ఉంది. వాళ్ల తప్పేం లేదు. కుర్చీలో కూర్చుని చదివితే అర్థమైనట్టే ఉంటుంది. అందుకని పద్ధతి మార్చాను. చక్రం, కిట్టు, మాన్యువల్ ఇచ్చి, మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ పని చేయమన్నాను. దీన్ని థింక్ అలౌడ్ పద్ధతి అంటారు.

పాఠకుడితో టెస్ట్ చేసేటప్పుడు నేను పాటించినవి:

1. మాన్యువల్ కాగితం మీద ఇవ్వండి. చేతులు మురికైతే ఫోను పట్టుకోరు.
2. "పరీక్ష మీకు కాదు, కాగితానికి" అని ముందే చెప్పండి. లేకపోతే టెన్షన్ పడి, తెలియనిది తెలిసినట్టు నటిస్తారు.
3. పక్కకి కూర్చోండి. మీ ముఖం కనిపిస్తే అందులో జవాబు వెతుకుతారు.
4. అడిగినా చెప్పకండి. అడిగిన ప్రశ్నని షీటులో రాయండి.
5. 5 సెకన్లు దాటి ఆగిన ప్రతి చోటునీ గుర్తు పెట్టండి.
6. చేతికి దెబ్బ తగిలేలా ఉంటే మాత్రం వెంటనే ఆపండి.

నాలుగోది చాలా కష్టం. నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాకే పనికొచ్చే సమాచారం వచ్చింది.

ఆవిడ 11 చోట్ల ఆగింది. అన్నిటినీ ఇక్కడ రాయను, మూడు చాలు.

మొదటిది వాల్వు. డ్రాఫ్టులో "ట్యూబును బయటికి లాగి" అని ఉంది. రిమ్ము లోపలి నుంచి బయటికి వచ్చే వాల్వు కాడకి కొన్ని ట్యూబుల్లో నట్టు ఉంటుంది. అది విప్పకుండా ట్యూబు రాదు. ఆవిడ ట్యూబుని లాగుతూనే ఉంది, వాల్వు మొదట్లో రబ్బరు సాగుతోంది. ఇంకాస్త లాగితే అక్కడ చిరిగి, ప్యాచ్ వేయలేని చోట కొత్త కన్నం పడేది. చాలాసార్లు చేసినవాళ్ల చేతికి ఆ నట్టు విప్పడం ఎంత అలవాటైపోతుందంటే, అది వేరే పనిగా తోచదు.

రెండోది పొర. "ప్యాచ్ పొర తీసి అంటించాలి" అని రాశాను. చిన్న ప్యాచ్‌కి రెండు పొరలు ఉంటాయి. అడుగున వెండిరంగు రేకు, దాన్ని ఒలిచేయాలి. పైన పలచని ప్లాస్టిక్, అది ఉన్నా ఫర్వాలేదు. ఆవిడ ముందు పై ప్లాస్టిక్ పట్టుకుని లాగింది. దాంతోపాటు ప్యాచ్ చివరలు లేచి, సన్నని రబ్బరు ముడుచుకుపోయింది. "ఏ పొర?" అని నన్ను అడిగింది. నేను షీటులో రాసుకున్నాను.

మూడోది, ఈ ప్రాజెక్టుని మార్చేసింది, ఒక్క మాట. "సొల్యూషన్ రాసి, ఆరాక ప్యాచ్ అంటించాలి." ఆవిడ సొల్యూషన్ పూసింది. దాని మీద రెండుసార్లు ఊదింది. "ఆరిపోయింది" అని పైకి అనుకుని ప్యాచ్ నొక్కింది. గాలి కొట్టగానే ప్యాచ్ ఒక పక్క నుంచి లేచింది. కిట్టులో వచ్చే రబ్బరు సొల్యూషన్‌లో ద్రావకం ఆవిరైపోయాకే ప్యాచ్ అడుగు భాగం ట్యూబుకి గట్టిగా పట్టుకుంటుంది. ద్రావకం లోపల చిక్కుకుపోతే ఆ పట్టు రాదు. ఆవిడ చేసిందాంట్లో పొరపాటు లేదు. కాగితం ఆరాక అంది, ఆవిడ లెక్కలో ఆరింది.

ఆ రోజు డ్రాఫ్టులో ఇలాంటి మాటలన్నీ వెతికాను: ఆరాక, సరిపడా, గట్టిగా, కొద్దిగా, బాగా, జాగ్రత్తగా. ప్రతిదాని పక్కన ఒకే ప్రశ్న రాసుకున్నాను: చదివేవాళ్లకి ఇది అయిందని ఎలా తెలుస్తుంది? సమయం గానీ, కొలత గానీ, కంటికి కనిపించే గుర్తు గానీ ఇవ్వలేకపోతే ఆ మాట తీసేయాలి. ఈ కోర్సులో నేను నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఈ ప్రశ్నే.

మార్చిన రూపం ఇది:

10. గరుకు కాగితంతో రుద్దిన చోట సొల్యూషన్ పలచగా పూయండి. ప్యాచ్ కంటే వెడల్పుగా పూయండి.
11. 5 నిమిషాలు ఆగండి.
12. తడి మెరుపు ఇంకా కనిపిస్తుంటే, అది పోయేవరకు ఆగండి.
13. ప్యాచ్ అడుగున ఉన్న వెండిరంగు రేకు ఒలిచేయండి. పైనున్న ప్లాస్టిక్ పొర అలాగే ఉంచండి.

సమయం ఒక్కటే ఇస్తే చలిలో సరిపోదు. గుర్తు ఒక్కటే ఇస్తే తొందరపడేవాళ్లు అర నిమిషానికే మెరుపు పోయిందనుకుంటారు. రెండూ ఉండాలి. కిట్టు మీద వేరే సమయం రాసి ఉంటే దాన్నే పాటించమని కింద ఒక వాక్యం చేర్చాను.

లెక్క, డ్రాఫ్టు 2: మాటలు 574. స్టెప్పులు 19. అతి పొడవైన వాక్యం 17 మాటలు. గరిష్ఠ పనులు 2. హెచ్చరికలు 7. కొత్త పాఠకుడు ఆగిన చోట్లు 6.

డ్రాఫ్టు మారిన ప్రతిసారీ కొత్త మనిషినే కూర్చోబెట్టాను. ఒకసారి చేసినవాళ్లకి రెండోసారి మాన్యువల్ అక్కర్లేదు. వాడకం తేలికేనా అని పరీక్షించే రంగంలో నిపుణుడైన జేకబ్ నీల్సన్ లెక్క ఒకటి ఇక్కడ పనికొచ్చింది: ఒక్కో యూజరు సగటున 31 శాతం సమస్యలు బయటపెడితే, ఐదుగురితో 85 శాతం దాకా బయటపడతాయి. 0.69ని ఐదుసార్లు గుణించి చూడండి, మిగిలేది 0.156. ఆ మనుషులందర్నీ ఒకే డ్రాఫ్టు మీద ఖర్చుపెట్టొద్దని కూడా ఆయన సలహా. కాస్త టెస్టు, కాస్త మార్పు, మళ్లీ టెస్టు. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి: వేర్వేరు మనుషులు కాబట్టి 11 నుంచి 6కి తగ్గిందంటే దాదాపు సగానికి సగం మెరుగైందని చెప్పలేం. ఏ చోట ఆగారు, ఆ చోట మళ్లీ ఎవరైనా ఆగారా అన్నదే నిక్కమైన ఆధారం.

దశ 3: హెచ్చరికలు

ఏడు హెచ్చరికలకీ "ముఖ్య గమనిక" అనే పేరు. ఏడూ ముఖ్యమైతే ఏదీ ముఖ్యం కాదు, రెండో పాఠకుడు నాలుగో దాని నుంచి చదవడం మానేశాడు. పైగా అవి స్టెప్పు తర్వాత ఉన్నాయి. "లివరుతో ట్యూబు నొక్కుకుపోకుండా చూసుకోండి" అన్న వాక్యం దగ్గరికి అతను వచ్చేసరికి లివరు టైరులో దిగిపోయి ఉంది.

అమెరికాలో భద్రతా హెచ్చరికల కోసం ఏఎన్‌ఎస్ఐ జెడ్535 అనే ప్రమాణం ఉంది. అందులో సంకేత పదాలకి స్థాయిలు ఉన్నాయి. తప్పించకపోతే ప్రాణం పోవడమో తీవ్ర గాయమో ఖాయమైతే ఒకటి, అలా జరిగే అవకాశం ఉంటే ఒకటి, చిన్న గాయమో ఓ మోస్తరు గాయమో అయితే ఒకటి, వస్తువుకి నష్టమైతే ఇంకొకటి. వీటికి నేను ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త, గమనిక అని పెట్టుకున్నాను. ఏడింటినీ ఈ జల్లెడలో వేస్తే మూడే మిగిలాయి:

1. హెచ్చరిక: సొల్యూషన్ త్వరగా మండుతుంది. దగ్గర్లో మంట, సిగరెట్ ఉంటే ముందు ఆర్పేయండి. (సొల్యూషన్ పూసే స్టెప్పుకి ముందు)
2. హెచ్చరిక: చక్రం వదులుగా ఉంటే నడిచేటప్పుడు ఊడవచ్చు. తొక్కే ముందు చక్రాన్ని పక్కలకి ఊపి చూడండి. బ్రేకు నొక్కి చూడండి. (చక్రం బిగించే స్టెప్పుకి ముందు)
3. గమనిక: లివరుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు ఇరుక్కుంటే కొత్త కన్నం పడుతుంది. చివరి భాగం చేతులతోనే ఎక్కించండి. (టైరు ఎక్కించే స్టెప్పుకి ముందు)

మిగిలిన నాలుగూ అసలు హెచ్చరికలు కావు, సరిగా రాయని స్టెప్పులు. "ముల్లు ఇంకా టైరులోనే ఉందేమో చూసుకోవడం మరవద్దు" అన్నది అలాంటిదే. రెండో పాఠకుడు దాన్ని దాటేశాడు, ప్యాచ్ చక్కగా పడింది, పావుగంటలో అదే ముల్లు అదే ట్యూబుని మళ్లీ పొడిచింది. దాన్ని స్టెప్పుగా మార్చాను: "టైరు లోపలివైపు గుడ్డతో చుట్టూ తుడవండి. గుడ్డ చిక్కుకున్న చోట ముల్లు గానీ గాజుముక్క గానీ ఉంటుంది. దాన్ని పీకేయండి." వేళ్లతో తడమమని మాత్రం రాయకండి, తెగుతాయి.

వాక్యం ఎలా కట్టాలన్నది కూడా ఇక్కడే తేలింది. తెలుగులో 'వద్దు' అన్నది వాక్యం చివర్లో వస్తుంది. "సొల్యూషన్ తడిగా ఉండగా ప్యాచ్ అంటించకండి" అని చదువుతుంటే, ఆఖరి మాట దాకా అది చేయమన్నట్టే ఉంటుంది. హడావుడిలో ఉన్నవాళ్లు ఆఖరి మాట దాకా రారు. వీలైన ప్రతిచోటా వద్దన్నది తీసేసి, ఏం చేయాలో చెప్పాను. షరతు విషయంలో మాత్రం మన వాక్యం మనకి సాయం చేస్తుంది. 'ఇలా ఉంటే' అన్నది సహజంగానే ముందు వస్తుంది, పని తర్వాత వస్తుంది. దాన్ని తిరగేసి రాయకుండా ఉంటే చాలు.

దశ 4: మాన్యువల్లోంచి తీసేసినవి

ఈ దశ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. డీఐటీఏ అని ఐబీఎంలో మొదలై 2005లో ఓయాసిస్ అనే సంస్థ ప్రమాణంగా వచ్చిన ఒక పద్ధతి ఉంది. అది పని చెప్పే పేజీనీ, భావన వివరించే పేజీనీ, చూసుకోవడానికి ఉంచే సమాచారాన్నీ వేరుగా పెట్టమంటుంది. నా మాన్యువల్లో మూడూ కలిసిపోయాయి. పంక్చర్లలో రకాలు, వాల్వుల రకాలు, గాలి ఒత్తిడి గురించి రాసిన పేరాలు స్టెప్పుల మధ్య అడ్డంగా నిలబడ్డాయి. వాటిని వెనక పేజీకి పంపాను. నాకు బాగా నచ్చిన రెండు పేరాలు పూర్తిగా పోయాయి. ఎవరూ వాటిని వెతకలేదు.

గాలి ఒత్తిడి పట్టిక గురించి మాత్రం ఒక మాట. నేను పీఎస్‌ఐలో రాశాను. మూడో పాఠకురాలి పంపు మీద ఉన్నది బార్. ఆవిడ టైరు పక్కన చెక్కి ఉన్న అంకెనీ, పంపు ముల్లునీ, నా కాగితాన్నీ మార్చి మార్చి చూసి ఆగిపోయింది. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నాసా అంతరిక్ష నౌక పోయింది ఇలాంటి తేడాతోనే: ఒక పక్క సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో లెక్క ఇచ్చింది, రెండో పక్క దాన్ని న్యూటన్ సెకన్లు అనుకుంది. సైకిల్ పంపుకి అంత పెద్ద ఉదాహరణ ఎందుకు అనిపించవచ్చు, కానీ అంకె పక్కన యూనిట్ ఉండాలి, చదివేవాళ్ల చేతిలో ఉన్న యూనిట్ కూడా ఉండాలి అనే నియమం రెండు చోట్లా ఒకటే. ఇప్పుడు రెండూ ఉన్నాయి, 1 బార్ అంటే దాదాపు 14.5 పీఎస్‌ఐ అన్న వరుస కూడా ఉంది. ఎంత కొట్టాలో చెప్పకుండా, టైరు పక్కన రాసి ఉన్న హద్దు చూడమన్నాను.

లెక్క, డ్రాఫ్టు 3: మాటలు 498. స్టెప్పులు 22. అతి పొడవైన వాక్యం 12 మాటలు. గరిష్ఠ పనులు 1. హెచ్చరికలు 3. ఆగిన చోట్లు 3.

దశ 5: ఒక వస్తువుకి ఒకే పేరు

'అంచు' అన్న మాట డ్రాఫ్టులో మూడింటికి వాడాను: టైరుకి, రిమ్ముకి, ప్యాచ్‌కి. చదివేవాళ్లు ప్రతిసారీ ఏ అంచో తేల్చుకోవాలి. టైరుకి మాత్రమే 'అంచు' ఉంచి, ప్యాచ్‌కి 'చివర' అని, రిమ్ముకి 'రిమ్ము గోడ' అని ఖాయం చేశాను.

ఇది సరిచూడటానికి వెతుకుడు వాడితే ఫైల్లో ఉన్న మాట కూడా దొరకలేదు. సగం పూట దానికే పోయింది. కారణం రెండు. 'ట్యూబు' అనీ 'ట్యూబ్' అనీ రెండు రకాలుగా రాశాను. రెండోది, 'ట్యూబ్‌లో' అన్నప్పుడు 'బ్' కీ 'లో' కీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. అది లేకపోతే అక్షరాలు ఒత్తుగా కలిసిపోతాయి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. కీబోర్డుని బట్టి కొన్నిచోట్ల అది పడింది, కొన్నిచోట్ల పడలేదు. కంటికి దాదాపు ఒకేలా ఉన్న రెండు మాటలు కంప్యూటర్‌కి వేరు.

సరిచేసిన తీరు:

1. అరువు మాటలకి వీలైనంతవరకు చివర 'ఉ' పెట్టండి: ట్యూబు, టైరు, రిమ్ము, వాల్వు. ప్రత్యయం నేరుగా అతుక్కుంటుంది, ఆ గుర్తు అక్కర్లేదు.
2. 'ప్యాచ్' లాంటివి అలా కుదరవు. వాటిని వెతికేటప్పుడు మొదటి భాగం మాత్రమే టైప్ చేయండి.
3. పేర్ల జాబితా ఫైలు మొదట్లోనే పెట్టండి, వేరే ఫైల్లో పెడితే తెరవరు.
4. జాబితాలో లేని పేరు రాయాలనిపిస్తే, ముందు జాబితాలో చేర్చి తర్వాత రాయండి.

దశ 6: గిట్ మెసేజీలు

గిట్‌లో మార్పు నమోదు చేసిన ప్రతిసారీ ఒక చిన్న వివరణ రాయాలి, దాన్నే కమిట్ మెసేజీ అంటారు. మొదట్లో నా కమిట్ మెసేజీలన్నీ "సవరణలు", "చిన్న మార్పులు". రిపోర్టు రాయడానికి కూర్చుంటే వాటిలోంచి ఏమీ రాలేదు. ఏం మారిందో గిట్ చూపిస్తుంది, ఎందుకు మారిందో మనం రాస్తేనే ఉంటుంది. అప్పటి నుంచి ప్రతి మెసేజీలో మూడు ముక్కలు: ఏది మార్చాను, ఎవరు ఎక్కడ ఆగడం వల్ల, ఇది పనిచేస్తే తర్వాత ఏం కనిపించాలి.

ఉదాహరణకి: "స్టెప్పు 13: రెండు పొరలకి వేరు వేరు గుర్తులు. పాఠకురాలు 1 పై పొర లాగింది. తర్వాతివాళ్లు పై పొర ముట్టుకోకూడదు."

ఆ మూడో ముక్క అన్నిటికంటే ఉపయోగపడింది. అది లేకపోతే ప్రతి మార్పూ మెరుగుదలలాగే కనిపిస్తుంది. అది రాశాక, ఒక మార్పు పనిచేయలేదని ఒప్పుకోక తప్పని చోట్లు వచ్చాయి. చక్రం ఊడదీసే స్టెప్పుకి గీసిన బొమ్మ అలాంటిదే. బొమ్మ పెట్టినా తర్వాతి పాఠకుడు అక్కడే ఆగాడు, ఎందుకంటే బొమ్మలో చైను ఉన్న వైపు కుడి, అతను నిలబడ్డ చోటు నుంచి అది ఎడమ. బొమ్మ తీసేసి "చైను ఉన్న వైపు" అని రాశాను.

లెక్క, డ్రాఫ్టు 4: మాటలు 530. స్టెప్పులు 23. అతి పొడవైన వాక్యం 12 మాటలు. గరిష్ఠ పనులు 1. హెచ్చరికలు 3. ఆగిన చోట్లు 2.

దశ 7: రిపోర్టు

రిపోర్టు మొదటి రూపంలో ఒక పేరా ఇది:

"ఈ కోర్సు వల్ల నా రచనాశైలి ఎంతో మెరుగుపడింది. పాఠకుల గురించి ఆలోచించడం నేర్చుకున్నాను. ఇప్పుడు సంక్షిప్తంగా, స్పష్టంగా రాయగలుగుతున్నాను."

మా మేడమ్ మూడు వాక్యాల పక్కనా ఒకే మాట రాశారు: "ఏ పేజీలో?"

డైరీ తీసి చూస్తే మూడో వాక్యంలో సగం అబద్ధమని తేలింది. మూడో డ్రాఫ్టులో 498 మాటలు, నాలుగో దాంట్లో 530. పెరిగాయి. పెరిగిన మాటలన్నీ గుర్తులు, కొలతలు చెప్పేవి. అవి చేరాకే ఆగిన చోట్లు తగ్గాయి. అంటే నా ఎదుగుదల సంక్షిప్తతలో లేదు, అయినా అందరూ రాసే మాట కాబట్టి నా కలం నుంచి కూడా అదే వచ్చింది.

అప్పుడు పేరాని ఈ వరుసలో మళ్లీ రాశాను:

1. పాత వాక్యం, ఏ డ్రాఫ్టులో, ఏ స్టెప్పులో ఉంది
2. పాఠకుడు అక్కడ ఏం చేశాడు
3. కొత్త వాక్యం
4. ఎందుకు ఇలా మార్చాను, వేరేలా ఎందుకు కాదు
5. తర్వాతి పాఠకుడు అక్కడ ఏం చేశాడు
6. వేరే చోట ఇదే పద్ధతి వాడానా

'ఆరాక' గురించిన పేరా ఇలా తేలింది: "మొదటి డ్రాఫ్టులో 'సొల్యూషన్ రాసి, ఆరాక' అని మాత్రమే ఉంది. పాఠకురాలు రెండుసార్లు ఊది ప్యాచ్ అంటించింది, అది లేచిపోయింది. ఆరిందని తెలిసే గుర్తు కాగితంలో లేదు. సమయం, గుర్తు రెండూ చేర్చాను. ఒక్క సమయమే ఇస్తే చలిలో సరిపోదు. తర్వాతి పాఠకులెవరూ ఆ స్టెప్పులో ఆగలేదు."

ఇందులో 'మెరుగుపడింది' అన్న మాటే లేదు, అక్కర్లేదు కూడా. అమెరికన్ తత్వవేత్త డోనాల్డ్ షాన్ పని చేస్తుండగా జరిగే ఆలోచననీ, పని అయ్యాక వెనక్కి తిరిగి చేసే ఆలోచననీ వేరు చేసి చూపించాడు. రిపోర్టు రెండో రకం. షీటులో అప్పటికప్పుడు గీకిన గీతలు, కమిట్ మెసేజీలు మొదటి రకానికి దగ్గర. అవి లేకుండా రిపోర్టు రాస్తే జ్ఞాపకం తనకి నచ్చినవే తెస్తుంది.

దశ 8: వేరే విషయం మీద

ఆరో ప్రశ్నకి జవాబు కావాలి కాబట్టి, జాబితాలేవీ పక్కన పెట్టుకోకుండా ఒక చిన్న గైడు రాశాను. విషయం, ఫోనులో ఫోటోలు బ్యాకప్ తీయడం. రాశాక హైలైటర్లు పట్టుకున్నాను.

నిలిచినవి: హెచ్చరికలు స్టెప్పుకి ముందే వచ్చాయి. "ఫోటోలన్నీ ఎక్కాక" అని రాయబోయి, అప్‌లోడ్ అయిన సంఖ్యనీ గ్యాలరీలో ఉన్న సంఖ్యనీ పోల్చమని రాశాను. పేర్లు మారలేదు.

నిలవనిది: పనుల గొలుసు. ఒక వాక్యంలో "సెట్టింగ్స్ తెరిచి, అకౌంట్ ఎంచుకుని, వైఫైలో మాత్రమే అన్నది నొక్కి, వెనక్కి రండి" అని వచ్చింది. నాలుగు పనులు. తొందరలో రాసిన చోటల్లా ఇదే. దీన్ని రిపోర్టులో ఉన్నదున్నట్టు పెట్టాను. మూడు అలవాట్లు చేతికి వచ్చాయి, నాలుగోదానికి ఇంకా హైలైటర్ కావాలి.

మిగిలిన పనులు

1. నాలుగో డ్రాఫ్టులో ఇంకా ఆగుతున్న రెండు చోట్లూ టైరు ఎక్కించే దగ్గరే ఉన్నాయి. "చేతులతో ఎక్కించండి" అన్నాను, బొటనవేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పలేదు.
2. ట్యూబ్‌లెస్ టైర్లకి ఈ మాన్యువల్ పనికిరాదు. ఆ సంగతి మొదటి పేజీ మొదటి వాక్యంగా రావాలి, ఇప్పుడు వెనక పేజీలో ఉంది.
3. సన్న వాల్వు, అంటే ప్రెస్టా ఉన్న చక్రం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. దాని కొనని ముందు వదులు చేస్తేనే గాలి ఎక్కుతుంది. 4వ స్టెప్పులో అది రాసి ఉంది, కానీ ఆ స్టెప్పుని ఇంతవరకు ఎవరి చేతులూ చేసి చూడలేదు. తర్వాతి పాఠకుడికి ఆ చక్రమే ఇస్తున్నాను.